గంటసేపు పనిచేసిన అల్లుడు

మహాశివరాత్రి నాడు, గల్లీ అంతా ఆజీ అని పిలిచే పాటీల్ వాళ్ల నాయనమ్మ శివలింగం ముందు కూర్చుని ధారగా కన్నీళ్లు కార్చింది. పక్కన కూర్చున్న కోడలూ కార్చింది. వెనక వరుసలో జోషీగారి భార్య ముక్కు ఎగబీలుస్తూ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ ఏడు గల్లీలో భక్తి బాగా పెరిగిందని పూజారి సంతోషించి అందరికీ రెండోసారి తీర్థం ఇచ్చాడు. ఆజీ ఇంకొంచెం ఇమ్మని చెయ్యి చాచింది. తాగి మళ్లీ చాచింది. పూజారి చెంబు ఖాళీ అయింది.

జరిగింది ఇది. ఉపవాసం నాడు రొట్టెలు చేసుకోవడానికి ఆ ఇళ్లవాళ్లు ముందురోజు శివవ్వ గిర్నిలో సామలూ సగ్గుబియ్యమూ పట్టించుకున్నారు. మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఏ గల్లీకి పోయినా పిండిమరను గిర్ని అనే అంటారు. శివవ్వ గిర్నిలో మరలు రెండు. ఒకటి జొన్నలూ గోధుమలూ పట్టే రాతి చక్కి, రెండోది ఎండుమిరపకాయల మిషన్. ఉపవాసం సరుకు వచ్చినప్పుడు చక్కిని కడిగినంత పనిగా తుడిచి, పిడికెడు సామలు వేసి తిప్పి పారబోసి, ఆ తర్వాతే అసలు సరుకు పొయ్యాలి. ఆ పూట శివవ్వ కళ్ల డాక్టర్ దగ్గరికి పోయింది. కూతురు మనీష దగ్గుతో పడుకుంది. గిర్నిలో కూర్చున్నది అల్లుడు కైలాశ్. చక్కి తిప్పాలంటే కుర్చీలోంచి లేవాలి. మిరపకాయల మిషన్ స్విచ్చు మాత్రం కుర్చీలోంచి చెయ్యి చాస్తే అందుతుంది.

అతను చెయ్యి చాచాడు.

పిండి కొంచెం గులాబీరంగులో ఉంటే సామలు కొత్తరకమేమో అనుకున్నారు ఆడవాళ్లు. ఉపవాసం నాడు చేసిన రొట్టె పారెయ్యకూడదు కాబట్టి ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకుంటూ తినేశారు. మర్నాడు ఆజీ పిండి డబ్బా పట్టుకుని గిర్నికి వచ్చి, మూత తీసి, శివవ్వ ముక్కు కింద పెట్టింది. శివవ్వ తుమ్మింది. అంతకుమించి వాదన జరగలేదు.

అల్లుణ్ణి మాత్రం శివవ్వ ఏమీ అనలేదు. అనడానికి లేదు. అల్లుడితో అత్త నేరుగా మాట్లాడటం ఆ ఇంటి పద్ధతి కాదు. చెప్పదలుచుకున్నది మనీషతో చెప్పాలి, అతను వినేటట్టు.

"మనీషా, చాయ తాగుతడేమో అడుగు" అంటుంది శివవ్వ. కైలాశ్ రెండడుగుల దూరంలోనే ఉంటాడు.

"తాగుతనని చెప్పు" అంటాడు కైలాశ్.

చాయ సాసర్‌తో సహా వస్తుంది. ఎనిమిదేళ్లుగా ఇల్లు ఇట్లాగే నడుస్తోంది.

కైలాశ్‌ది అదే జిల్లాలో ముఖేడ్. బి.ఏ. చదివాడు. పెళ్లైన రెండో ఏడు, పోటీ పరీక్షలకు నాందేడ్‌లో మంచి చదువుకునే గదులు ఉన్నాయని అత్తగారింటికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, తొమ్మిదేళ్ల కూతురు ప్రతీక్షకు ఎక్కాలు పాటలుగా కట్టి నేర్పాడు. ఒకసారి ఊరి పొలం లెక్కలు రాసే తలాఠీ నౌకరీ పరీక్షలో ఒక్క మార్కు తక్కువై పోయాడు. ఆ ఒక్క మార్కు తర్వాత అతను మళ్లీ లేవలేదు. పొద్దున ఒక పూట చదువుకునే గదిలో, మిగతా రోజంతా గిర్నికి ఎదురుగా మంగేశ్ నడిపే చాయ హోటల్‌లో. గోడవారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ అతనిది. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే మంగేశే లేపుతాడు.

అక్కడ కైలాశ్ దేశం సంగతి చెప్పేవాడు. పేపర్‌లో నిరుద్యోగం తగ్గిందని వస్తే, పేపర్‌ను నాలుగు మడతలు నీటుగా పెట్టి పక్కన ఉంచేవాడు.

"ఎక్కడ తగ్గింది మంగేశ్, నువ్వే చెప్పు. ఈ గల్లీల తగ్గిందా? ఒక్క నౌకరికి వెయ్యి మంది అర్జీ పెడుతుండ్రు. ఏసీ గదిలల్ల కూసొని రాసుకుంటరు లెక్కలు."

"నిజమే భావూ" అనేవాడు మంగేశ్. అతనికి ఎవరు చెప్పిందైనా నిజమే.

ఎదురుగా గిర్నిలో శివవ్వ ఆ మాటలన్నీ వినేది. మరో డబ్బా ఎత్తి చక్కిలో పోసేది. అల్లుడు చెప్పేది అబద్ధమని ఆమె అనుకోలేదు. నౌకరీలు లేని సంగతి ఆమెకూ కనబడుతూనే ఉంది. నౌకరీ లేని మనిషికి గోధుమ డబ్బా ఎందుకు బరువవుతుందో మాత్రం ఆమెకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు.

శివవ్వ పుట్టింది దెగ్లూర్‌కు అవతల, తెలంగాణ గడ్డ ఇంటి వెనకనుంచే మొదలయ్యే ఒక చిన్న పల్లెలో. సెంటు భూమి లేని ఇల్లు. పత్తి ఏరడానికి ఏ చేను పిలిస్తే ఆ చేనుకు పోయేవాళ్లు. మొగుడు లింగమూర్తి నాందేడ్‌లో మోండా ధాన్యం బజారులో ఒక అడతలో మూటలు మోసి, తర్వాత ఒక గిర్నిలో పనికి కుదిరి, ఆ మాలక్, అంటే యజమాని, ఊరు విడిచిపోతుంటే గిర్నిని తానే తీసుకున్నాడు. తీసుకున్న రోజునుంచి అందులో సగం కంటే ఎక్కువ పని శివవ్వదే. అరిగిన చక్కిరాయిని బోర్లా తిప్పి ఉలితో గాట్లు పెట్టడం ఆడవాళ్లు చేసే పని కాదని గల్లీలో అన్నవాళ్ల ముందే ఆమె గాట్లు పెట్టింది.

ఒకసారి సర్కారు మనిషి ఒకాయన లెక్కలు రాసుకోవడానికి వచ్చాడు. శివవ్వ కనురెప్పల మీద కూడా పిండి పట్టి, చేతిలో జల్లెడతో నిలబడి ఉంది. ఆయన ఆమెను చూస్తూనే లింగమూర్తిని అడిగాడు.

"ఈమె ఏం జేస్తది?"

"ఏం జేస్తది, ఏం లేదు. ఇంట్ల ఉంటది" అన్నాడు లింగమూర్తి. ఆయన రాసుకుని పోయాడు.

శివవ్వ మర్నాడు పొద్దున లేచి స్నానం చేసి, తల దువ్వుకుని, ఇంట్లో కూర్చుంది. ఆ మర్నాడూ కూర్చుంది. గిర్ని ముందు డబ్బాల వరుస రోడ్డుమీదికి పాకింది. సిటీ బస్సు డ్రైవర్ దిగి వచ్చి లింగమూర్తిని తిట్టాడు. అప్పుడు లింగమూర్తి గుమ్మంలో నిలబడి, "రావే, తప్పైంది" అన్నాడు. "నేనేం జేస్తనయ్యా, ఇంట్ల ఉండేదాన్ని" అని, ఇంకో రోజు కూడా కూర్చుంది శివవ్వ. లింగమూర్తి పోయి చాలా ఏళ్లైంది. ఇప్పటికీ అతని తిథినాడు ఫొటోకు దండ వేస్తూ ఆ మాట ఒకసారి గుర్తు చేస్తుంది.

శివరాత్రి అయిన వారంలోనే ఇంకో సర్కారు మనిషి వచ్చింది. ఈసారి చేతిలో ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి, పేరు సాయలి. దెగ్లూర్ పిల్ల, తెలుగొచ్చు. ఊళ్లో కొన్ని ఇళ్లు ఎంచి ఎవరెవరు ఏ పని చేస్తున్నారో రాసుకోవడం ఆమె పని.

గిర్నిలో గోధుమ బస్తా మీద కూర్చోబెట్టింది శివవ్వ.

"నువ్వేం జేస్తవ్ పెద్దమ్మా?"

"గిర్ని నడుపుత. నేనే నడుపుత. రాసుకో బిడ్డా."

సాయలి రాసుకుంది. శివవ్వ మెడ చాపి ఆ గాజు పలక మీద తన పేరు పక్కన ఏదో పచ్చగా వెలగడం చూసింది. ఎప్పటినుంచో ఉన్న బాకీ తీరినట్టు ఆమెకు కడుపు చల్లబడింది.

"నీ బిడ్డ?"

"ఆమె గూడ గిర్నిలనే. పొద్దుగాలనుంచి పొద్దుగూకేదాంక. దగ్గు వట్టింది పిండికి."

"అల్లుడు?"

"అల్లుడు ఏం జెయ్యడు. తింటడు, పంటడు, పేపర్ సదువుతడు."

"ఏమన్న పని? గీ వారం రోజులల్ల, ఒక్క గంటన్న?"

శివవ్వకు ఒళ్లు మండింది. "జేసిండమ్మా, ఒక్క గంట జేసిండు. ఆ గంట సంగతి జెప్పాల్నా?" అని మొదలుపెట్టి, సామలనుంచి పూజారి చెంబుదాకా మొత్తం చెప్పింది. సాయలి నవ్వు ఆపుకోలేక ట్యాబ్‌ను మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తలదించుకుని వేలితో టక్కున ఒకటి నొక్కింది.

"ఏం రాసినవ్?"

"ఇంటి ధందాల సాయం జేస్తడు, పని ఉన్నోడు అని."

"ఎవరు?"

"మీ అల్లుడే పెద్దమ్మా. వారంల ఒక్క గంట జేసినా పని జేసినట్టే. పైసలు ఇయ్యకున్నా, ఇంటి గిర్నిల జేసినా అంతే. మా కాయిదా అట్ల ఉన్నది."

"జెడగొట్టిండు గదా బిడ్డా."

"జెడగొట్టిండో మంచిగ జేసిండో ఆ గడి లేదు పెద్దమ్మా."

శివవ్వ ఏళ్లకేళ్లు బస్తాలు మోస్తే ఇంట్లో ఉండేదని రాసిపోయారు. ఈయన కుర్చీలోంచి చెయ్యి చాచినందుకు పనిమంతుల్లో చేర్చారు.

అప్పుడే చాయ తాగి కైలాశ్ వచ్చాడు. సంగతి విని అతనికి ఇంకా కోపం వచ్చింది.

"నేను బేరోజ్‌గార్‌ను, నౌకరి లేనోణ్ని. సదువుకున్న బేరోజ్‌గార్‌ను. అట్లనే రాయి."

"గీ వారంల పని కోసం ఎక్కడన్న అడిగినవా అన్నా? ఎవరన్న పిలిస్తే పోతవా?"

"సర్కారీ అయితేనే పోత."

"అట్లయితె బేరోజ్‌గార్ గడిల గూడ నువ్వు రావన్నా. ఇంట్ల ఊకెనే ఉండేటోళ్లల్ల పడతవ్. రాయాల్నా?"

కైలాశ్ శివవ్వ వైపు చూశాడు. శివవ్వ గోడ వైపు చూసింది. చివరికి అతనే, "వద్దు తియ్, గిర్నిలనే ఉండనీ" అన్నాడు.

ఇంతవరకే అయితే దీన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆ సాయంత్రం కైలాశ్ ముఖేడ్‌లో ఉన్న తల్లి నర్సవ్వకు ఫోన్ చేశాడు. మాటల్లో, "సర్కారోళ్లు అచ్చి గిర్ని మీద నా పేరు రాసుకొని పోయిండ్రు" అన్నాడు. అతను అన్నది అబద్ధం కాదు. ముఖేడ్‌లో సర్కారు వచ్చి దేనిమీదన్నా పేరు రాసుకుందంటే దానికి ఒకటే అర్థం. తలాఠీ వచ్చి పొలం కాగితాల్లో ఎవరి పేరు ఎక్కిస్తే పొలం వాళ్లది, గిర్నీ అంతే. నర్సవ్వ పేడాలు పంచింది. మర్నాడు శివవ్వకు స్వయంగా ఫోన్ చేసింది.

"వదినా, ఎంత మంచి మనసు నీది. గిర్ని పిలగాని పేరు మీద ఎక్కించినవట."

శివవ్వ ఫోన్‌ను చెవినుంచి తీసి ఒకసారి చూసి మళ్లీ చెవికి పెట్టుకుంది. "ఎవరు జెప్పిండ్రు వదినా?"

"వాడే జెప్పిండు. సర్కారు మనిషి అచ్చి రాసుకున్నదట గదా. ముఖేడంత తెల్సిపోయింది."

శివవ్వ ఆ రోజే కైలాశ్ చేత తల్లికి నిజం చెప్పించి ఉంటే అయిపోయేది. అయితే చెప్పించేలోపలే ఇంకో ఫోన్ వచ్చింది. సగరోళి దగ్గర ఒక హాస్టల్ బడిలో ఆడపిల్లలను చూసుకునే పనికి మనీష అర్జీ పెట్టుకుంది. ఎంపికైందని, పాడ్వా, అంటే మరాఠీల ఉగాది, తెల్లారి వచ్చి చేరమని చెప్పారు. ఉండటానికి గది ఇస్తారు, ప్రతీక్షకు అక్కడే చదువు. పిండి దుమ్ము ఉండదు. డాక్టర్ ఒకాయన మనీష ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఈ పని మానకపోతే దగ్గు ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుందని ఇదివరకే చెప్పాడు.

మనీష మొగుడికి ఈ సంగతి చెప్పింది. శివవ్వ వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ చెవి ఇటే పెట్టింది.

"ఎట్ల పోతవ్?" అన్నాడు కైలాశ్. గొంతు పెద్దది చెయ్యలేదు. "గిర్ని నా పేరు మీద ఉన్నదని ఊరంత అనుకుంటుండ్రు. మాలక్ పెండ్లాం హాస్టల్ల ఆడపిల్లలకు జడలేసేటందుకు పోయిందంటే నా ఇజ్జత్ ఏంగావాలె? నువ్వు పోతే గిర్ని ఎవరు నడుపుతరు?"

మనీష దగ్గింది. ఫోన్ తీసి ఆ నంబర్‌కు రానని చెప్పడానికి వేలు పెట్టింది.

"మనీషా" అని పిలిచింది శివవ్వ లోపలినుంచి. "ఇప్పుడే ఏం జెప్పకు. పాడ్వా దాంక ఆగు. మాలక్ మంచి మనిషి, ఆలోచిస్తడు."

ఆమె నోట మాలక్ అన్న మాట విని కైలాశ్ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. ఆ మాటలో ఉన్న చల్లదనం లింగమూర్తికైతే తెలిసేది. అతను ఫొటోలోంచి హెచ్చరించలేడు.

మర్నాటినుంచి శివవ్వ గల్లీలో ఇల్లిల్లూ తిరిగింది. పాటీల్ ఆజీ దగ్గర ఎక్కువసేపు కూర్చుంది.

"ఆజీ, ఇగ గిర్ని మా అల్లునిది. ఏదన్న ఉంటే ఆయననే అడుగుండ్రి."

"ఆయననా?" అంది ఆజీ. ఆమె కళ్లు ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

"పాడ్వా నాడు తాళంచెయ్యి ఇస్తున్న. అందరు రావాలె." లేవబోతూ ఇంకోమాట అంది. "మిరపకాయలు ఎండినయా ఆజీ? కొత్త మాలక్ తన చేతులతోటి పడతడు."

ఆజీ ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి తిరిగి కోడలితో, "ఊరికి ఫోన్ కొట్టు. ఈసారి కాయ మొత్తం ఇక్కడికే పంపమను. అన్నదమ్ములది కూడా" అంది. అక్కడినుంచి జోషీ గారింటికి కబురు పోయింది. జోషీ గారింటినుంచి వెనక గల్లీకి పోయింది. శివరాత్రి నాడు ఏడ్చిన ఇళ్లన్నిటికీ పోయింది.

పాడ్వా పొద్దున గిర్ని ముందు ముగ్గు వేశారు. చక్కికి పసుపు రాసి, మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. గల్లీ అంతా వచ్చింది. శివవ్వ కైలాశ్‌ను నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పింది. కుంకుమ పెట్టింది. తాళంచెవిని పూలపళ్లెంలో పెట్టి, పెళ్లైన నాటినుంచి మొదటిసారి అతని మొహంలోకి చూసి నేరుగా మాట్లాడింది.

"తీసుకోండ్రి, మాలక్."

మంగేశ్ ఫొటో తీశాడు. ఫొటో అప్పుడే ముఖేడ్ పోయింది. కైలాశ్ తాళంచెవి కళ్లకద్దుకున్నాడు. అతని కళ్లలో నిజంగానే తడి కనబడింది. చప్పట్లు ఆగాక శివవ్వ గల్లీవాళ్ల వైపు తిరిగింది.

"మా మాలక్ ఒక గొప్పమాటన్నడు. గిర్ని నేను జూసుకుంట, నా భార్య దగ్గుకుంట ఈడ ఎందుకు సావాలె, సగరోళిల నౌకరి జేసుకోని, బిడ్డను సదివించుకోని అన్నడు. గిసుంటి అల్లుడు ఎవరికి దొరుకుతడు?"

కైలాశ్ నోరు తెరిచాడు. ఆ లోపలే పాటీల్ ఆజీ వచ్చి రెండు చేతులతో అతని బుగ్గలు నిమిరి, మెటికలు విరిచింది. జోషీ గారు లేచి, ఈ కాలం మగవాళ్లు ఇతన్ని చూసి నేర్చుకోవాలని చిన్న ఉపన్యాసం ఇచ్చారు. మళ్లీ చప్పట్లు. అవి ఆగేసరికి కైలాశ్ నోరు మూసుకుని ఉన్నాడు. భుజాన శాలువా ఉంది, చేతిలో తాళంచెవి ఉంది. మాలక్‌ను కానని చెప్పుకుంటే తప్ప అందులోంచి బయటపడే దారి లేదు. మనీష ఒక్కతే తల్లి మొహంలోకి చూసింది. శివవ్వ కొబ్బరిముక్కలు పంచుతూ కూతురికి కొంచెం పెద్దది ఇచ్చింది.

మర్నాడు పొద్దున మనీష, ప్రతీక్ష సర్కారు ఎస్టీ బస్సెక్కారు. బస్సు కదిలేముందు మనీష కిటికీలోంచి, "ఆయనకు దుమ్ము పడదేమో అవ్వా" అంది.

"నీకు పడ్డదా?" అంది శివవ్వ.

బస్టాండునుంచి ఆమె వచ్చేసరికి గిర్ని ముందు మిరపకాయల బస్తాలు గోడ కట్టినట్టు ఉన్నాయి. వరుస మలుపు తిరిగి కనబడకుండా పోయింది. కైలాశ్ వాటిని చూస్తూ నిలబడి ఉన్నాడు.

"అత్తమ్మా, ఇయన్ని..."

"మీవే మాలక్" అని, శివవ్వ రోడ్డు దాటి మంగేశ్ హోటల్‌కు పోయి, గోడవారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

మంగేశ్ లేపాలా వద్దా అని కొంచెంసేపు అవస్థ పడ్డాడు. తర్వాత ఆమె ముందు చాయ పెట్టాడు. హోటల్‌లో ఉన్న మగవాళ్లు గొంతులు తగ్గించారు. ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చోవడం ఆ గల్లీలో ఎప్పుడూ లేదు. శివవ్వ చాయ సాసర్‌లో పోసుకుని, ఊది, చప్పుడు చేస్తూ తాగింది. తొందర లేకుండా తాగిన చాయ రుచి వేరుగా ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఎదురుగా మిషన్ మొదలైంది. తర్వాత తుమ్ములు మొదలయ్యాయి. కైలాశ్ తుమ్మినప్పుడల్లా వరుసలో ఉన్న ఆడవాళ్లు దీవించినట్టు తలలూపారు. పాటీల్ ఆజీ ఇంటినుంచి స్టూల్ తెప్పించుకుని దగ్గరగా కూర్చుంది. మాలక్ పని దగ్గరుండి చూడాలని ఆమెకు కోరికట.

"మెత్తగ పట్టు బాబూ" అంది ఆజీ. "రెండోసారి కూడ తిప్పు. మా ఇంట్ల అందరికి కారం అలవాటైంది."

అతను రెండోసారి కూడా తిప్పాడు. ఆజీ కారాన్ని వేళ్లతో రాసి చూసి, మూడోసారి కూడా అంది.

ఆ వారమంతా అట్లాగే గడిచింది. కైలాశ్ చొక్కా ఎర్రబడింది, కళ్లు అంతకంటే ఎర్రబడ్డాయి. ఒకరోజు కడుపునొప్పి అని పడుకుంటే, ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి, "మాలక్ ఉన్నడా" అని ఒకరి తర్వాత ఒకరు మర్యాదగా అడిగారు. అంత మర్యాదను తట్టుకోలేక లేచి వచ్చాడు. ఇంకో రోజు దగ్గు తెర ఆగక గోడ పట్టుకుని వంగిపోయాడు. శివవ్వ కుర్చీలోంచి సగం లేచింది. తడిగుడ్డ ఎక్కడుందో, ముక్కుకు ఎట్లా కట్టుకోవాలో ఒక్కమాట చెబితే సరిపోతుంది. చెప్పాలనే అనుకుంది. అంతలో మనీష దగ్గు గుర్తొచ్చింది. ఆ దగ్గుకు ఈ కుర్చీలోంచి ఎవరూ సగం కూడా లేవలేదు. శివవ్వ మళ్లీ కూర్చుంది. తడిగుడ్డ సంగతి ఇంకో రెండు రోజులకు చెప్పవచ్చులే అనుకుంది.

మంగేశ్ పేపర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు, అలవాటు కొద్దీ. శివవ్వకు మరాఠీ కూడబలుక్కుని చదవడం వచ్చు. పైన పెద్ద అక్షరాల్లో నిరుద్యోగం మళ్లీ కొంత తగ్గిందని ఉంది.

"ఎక్కడ తగ్గిందంటవ్ మావశీ?" అన్నాడు పక్క బల్ల దగ్గరున్న రిక్షావాడు. కైలాశ్ లేకపోయేసరికి ఆ హోటల్‌లో ఆ ప్రశ్న ఎవరిని అడగాలో వాళ్లకు తెలియడం లేదు.

శివవ్వ పేపర్ మీద ఆ వరుసను వేలితో మళ్లీ ఒకసారి చదివింది. ఆ అంకెలో ఎక్కడో తన అల్లుడున్నాడు. శివరాత్రి ముందురోజు కుర్చీలోంచి చెయ్యి చాచినవాడు కూడా ఒక మనిషి కిందే పడ్డాడు, ఇప్పుడు తుమ్ముతున్నవాడూ ఒక మనిషి కిందే పడతాడు. రెండింటికీ తేడా వాళ్లకు తెలియదు. ఈ తడవ మాత్రం వాళ్లు రాసింది నిజమయ్యేటట్టు ఆమె చూసుకుంది.

"మా ఇంట్ల తగ్గింది" అంది.

"మరి బయట?"

"బయట నాకెట్ల తెలుస్తది తమ్మీ. నువ్వు జెప్పు, మీ ఇంట్ల పెద్దోడు ఏం జేస్తుండు?"

రిక్షావాడు చాయగ్లాసులోకి చూసుకున్నాడు. మంగేశ్, "నిజమే మావశీ" అన్నాడు.

సగరోళినుంచి మనీష ఫోన్ చేసింది. దగ్గు తగ్గింది. ప్రతీక్ష కొత్త బడిలో ఎక్కాలు పాటగా పాడితే టీచర్ ఎవరు నేర్పారని అడిగిందట. ఆ మాట శివవ్వ కైలాశ్‌కు చెప్పలేదు. చెబితే సంతోషపడతాడు. ఇంకో నాలుగు బస్తాలు అయ్యాక చెబుదామని దాచుకుంది.

ఆ ఆదివారం నర్సవ్వ ముఖేడ్‌నుంచి వచ్చింది. మాలక్ అయిన కొడుకును చూసుకోవడానికి కొత్త చీర కట్టుకుని, వెంట ఇద్దరు చుట్టాలను కూడా తెచ్చింది. గిర్ని ముందు ఆటో దిగింది. లోపల ఎర్రటి పొగలో, తలకు గుడ్డ చుట్టుకుని, కనురెప్పలనుంచి కాలిగోళ్లదాకా కారం పట్టిన మనిషి ఒకడు బస్తా కుదుపుతున్నాడు. ఆమె అతన్ని, "ఏమయ్యా, మా కైలాశ్ ఎక్కడున్నడు?" అని అడిగింది.

"నేనే అమ్మా" అన్నాడు అతను, తుమ్మి.

నర్సవ్వ కొడుకును ఒక నిమిషం చూసింది. చుట్టాలు ఇద్దరూ ఆమెను చూశారు. తర్వాత ఆమె వెనక్కి తిరిగి, రోడ్డు అవతల ప్లాస్టిక్ కుర్చీలో కాలుమీద కాలేసుకుని, సాసర్‌లో చాయ ఊదుకుంటున్న వియ్యపురాలిని చూసింది. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని రోడ్డు దాటింది.

"ఏంది వదినా ఇది? బి.ఏ. సదివినోడు. ముక్కులకెల్లి నెత్తురొచ్చేటట్టు తుమ్ముతున్నడు. పెండ్లామేమో సగరోళిల, నువ్వేమో హోటల్ల. వాని మొఖం జూసి కడుపు తరుక్కుపోతున్నది. ఇంటి అల్లునికి ఒక కప్పు చాయ గూడ ఇచ్చేటోళ్లు లేకపోయిండ్రా నీ ఇంట్ల?"

హోటల్‌లో అందరూ చాయ తాగడం ఆపారు. శివవ్వ సాసర్ కిందపెట్టి, జరిగి కూర్చుని వియ్యపురాలికి పక్క కుర్చీ చూపించింది.

"అల్లుడైతే నేనే తెస్తుంటి వదినా, మాలక్ అయిండు గదా, ఇగ ఆయననే తెమ్మను, నాక్కూడ ఒక కప్పు."